ఉప్పు కలిపిన ఐసు

2009 నవంబరు పదిహేడు, మంగళవారం. డాలస్‌లో ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలు. బయట నలభై ఒక్క డిగ్రీలు, ఉత్తరపు గాలి, కిటికీ అద్దాన్ని చూస్తే తప్ప పడుతున్నట్టు తెలియని సన్నని జల్లు. నలభై ఒకటంటే ఇండియా లెక్కలో అయిదు, అయిదు డిగ్రీలంటే టీకామందుకు సరిగ్గా సరిపోయే చలి అనుకుంది దమయంతి. అనుకున్నందుకు తనమీద తనకే విసుగు కలిగింది. ఉద్యోగం మానేసి ఇన్నేళ్ళయినా, ఎక్కడ ఏ ఉష్ణోగ్రత కనబడినా మనసు దాన్ని ఎత్తుకుపోయి రెండుకూ ఎనిమిదికీ మధ్య పెట్టి చూస్తుంది. ఎనిమిది దాటితే మందు చెడిపోతుంది, అది అందరికీ తెలుసు. సున్నాకు దిగి గడ్డకట్టినా చెడిపోతుంది, అది ఎవరికీ గుర్తుండదు. చల్లదనం మంచిదైనప్పుడు ఇంకా చల్లదనం ఇంకా మంచిదే కదా అనుకుంటారు. మనుషుల్లో ఎక్కువ భాగం ఇలాగే ఆలోచిస్తారు, గవర్నర్లు మరీను. ఈ కారిడారులో మాత్రం ఉక్కపోత. పైకప్పు చిల్లుల్లోంచి వేడిగాలి దిగుతోంది, గోడకు బిగించిన బెంచీ నడుముకు ఎక్కడ నొప్పి పుడుతుందో తెలుసుకుని చేయించినట్టుంది, ఎదుటి తలుపు ఇంకా తెరుచుకోలేదు.

ఆ తలుపు సాక్షులకు తొమ్మిదిన్నరకు తెరుచుకుంటుంది. లోపల ఇమ్మిగ్రేషన్ జడ్జి ఉంటాడు. యోనా బరెంగా అనే మనిషి ఈ దేశంలో ఉండవచ్చునా, వచ్చినచోటికే తిప్పి పంపాలా అన్నది ఆయన తేల్చాలి. బరెంగా ఒకప్పుడు తిరుగుబాటు దళానికి నాయకుడు. ఆ తిరుగుబాటు తాలూకు యుద్ధం ఇంకా సాగుతూ ఉండగానే, రాజధానివాళ్ళు అతన్ని తమవైపు తిప్పుకుని కెతారా అనే రాష్ట్రానికి గవర్నరును చేశారు. గవర్నరుగా ఉన్న రోజుల్లో తంబిర నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న తన పాత శత్రువులకు టీకాల పేరుతో విషం ఎక్కించాడని అతని మీద అభియోగం. ఎక్కించలేదని చెప్పగలిగినది, అప్పట్లో ఒక అంతర్జాతీయ సంస్థ తరఫున ఆ టీకాల పనంతా చూసిన డాక్టర్ దమయంతి ఒక్కతే. ఎక్కించలేదు. అది నిజం. ఆ నిజం చెప్పడానికే ప్లెయిన్స్‌బరోలో తలుపు తాళం వేసుకుని, మోకాళ్ళ నొప్పులతో విమానమెక్కి, ఇర్వింగ్‌లో మరిది ఇంట్లో దిగింది. చిక్కల్లా ఒక్కటే. ఆ మనిషి చెయ్యనిదాన్ని గురించి అడగడానికి ఇంతమంది ఇన్నేళ్ళు కష్టపడ్డారు. చేసినదాన్ని గురించి అడిగేవాడు ఒక్కడూ లేడు.

“వదినా, కాఫీ. మెషీన్ కాఫీయే, బాగుండదు, అయినా వేడిగా ఉంది,” అంటూ రఘు పక్కన కూర్చున్నాడు. పోయిన ఆమె భర్త కృష్ణమూర్తికి తమ్ముడు. లాస్ కొలీనాస్‌లో ఒక ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తాడు. యాభై దగ్గరపడుతున్నా స్కూలు ప్రిన్సిపాలు గదిముందు కూర్చున్నట్టు మోకాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చున్నాడు. “ఒక్కమాట చెప్తాను, ఏమీ అనుకోకండి. లోపల ఏం అడిగితే దానికే ఆన్సర్. ఎస్ ఆర్ నో. అంతకన్నా ఒక్క ముక్క వాలంటీర్ చెయ్యకండి.”

“నిన్న ఎయిర్‌పోర్టులోనే చెప్పావు.”

“మళ్ళీ చెప్తున్నా. మీకేం, మీరు సిటిజెన్. నా గ్రీన్‌కార్డు అప్లికేషన్, ఆ ఐ-ఫోర్ ఎయిటీ ఫైవ్, ఇంకా పెండింగ్‌లో ఉంది. ఇంట్లో పద్మజ ఏమందో తెలుసా? అక్కయ్యగారిని డ్రాప్ చేసి నువ్వు కార్లోనే కూర్చో, పైకి వెళ్ళకు, ఆ బిల్డింగ్ నిండా కెమెరాలుంటాయి అంది.”

“మరి వచ్చావేం?”

“కార్లో హీటర్ పనిచెయ్యట్లేదు.”

నవ్వు వచ్చింది, కాని నవ్వలేదు. నవ్వితే రఘు ధైర్యం తెచ్చుకుని ఆ చెన్నై కథ మళ్ళీ మొదలుపెడతాడు. కాన్సులేటు క్యూలో తనకు ముందున్నవాడిని, అమెరికాలో ఎన్నాళ్ళుంటావు అని అడిగితే, ఎన్నాళ్ళో చెప్పి ఊరుకోక, హ్యూస్టన్‌లో మా మేనమామ ఉన్నాడండీ, చాలా బాగా చూసుకుంటాడండీ అన్నాడట. అంతే, పాస్‌పోర్టు కిటికీలోంచి వెనక్కి వచ్చేసిందట. రఘు వెనకాల నిలబడి కళ్ళారా చూశాడు. ఆ ఒక్క దృశ్యం మీద ఒక తరం మనుషులు తమ నాలుకలను దిద్దుకున్నారు. అడిగినదానికే జవాబు. వీసా కిటికీ దగ్గర మొదలైన అలవాటు ఆఫీసుకు వచ్చింది, ఆఫీసు నుంచి ఇంటికి వచ్చింది. రఘు కూతురు అంకితను అన్నం తిన్నావా అంటే తిన్నాను అంటుంది, ఏం తిన్నావు అని విడిగా అడగాలి. దమయంతి జీవితమంతా దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పని చేసింది. పాఠం చెప్పినన్నాళ్ళూ ఆమె విద్యార్థులకు నేర్పింది ఒకటే: ఒక పసిబిడ్డ చనిపోతే, ఎందుకు అని అడగండి, జవాబు రాగానే దానిమీద మళ్ళీ ఎందుకు అని అడగండి, అడిగేందుకు ఇంక ఏమీ లేదన్నచోట రోగం దొరుకుతుంది. అటువంటి మనిషిని ఈ వయసులో తీసుకొచ్చి ఎస్ ఆర్ నో అనమంటున్నారు.

బరెంగా లాయరూ అదే అంది. మిస్ ఓడెల్, చిన్నవయసు అమ్మాయి, ఫీజు పుచ్చుకోకుండా చేస్తోంది, గొంతులో ఎప్పుడూ జలుబు. ఫోనులో ప్రశ్నలు సాధన చేయించేటప్పుడు దమయంతి రెండుసార్లు మొదటినుంచి చెప్పబోయింది, రెండుసార్లూ ఆ అమ్మాయి మధ్యలోనే ఆపేసింది. “రోడ్ల జోలికి ఇప్పుడు వద్దు డాక్టర్, మన టైమంతా దానికే పోతుంది. మందు పాడైంది, విషం కలపలేదు. అది చాలు.” అది చాలట. విషం కలపలేదు అన్న మాట పుట్టడానికి ముందు విషం కలిపాడు అన్న మాట ఎలా పుట్టిందో ఎవరికీ అక్కర్లేదు. అది అబద్ధాలకోరుల మాట అయితే కొట్టిపారెయ్యవచ్చు, కాని అది అబద్ధాలకోరుల మాట కాదు. అదిగో, కారిడారు చివర నీళ్ళ యంత్రం పక్కన నల్లకోటులో ముడుచుకుని కూర్చున్న ఆ ముసలామె ఉత్తరపు ఒడ్డు మనిషి, అమెరికా ప్రభుత్వం తరఫు సాక్షి; ఫోర్ట్‌వర్త్‌లో ఒక అపార్టుమెంటులో ఉంటుందట. ఇందాక లిఫ్టు దిగి దమయంతి ఆమె ముందునుంచి నడిచి వస్తున్నప్పుడు, ఆమె కుడిచేత్తో తన ఎడమ జబ్బను, కోటు మీదనుంచే, గట్టిగా మూసిపెట్టుకుంది. సూది పొడిచినచోటు. ఏడేళ్ళయింది. కోపంతో చూడనైనా లేదు, జబ్బను మాత్రం దాచుకుంది. తప్పించుకుని పోవడం అలవాటైన మనిషి ఎలా దాచుకుంటుందో అలా.

ఆ జబ్బమీద పొడిచిన మందు ఎందుకు పనిచెయ్యలేదో ఆమెకు చెప్పాలి. అది చెప్పాలంటే చేపల దగ్గరినుంచి రావాలి. బరెంగా పుట్టింది తంబిర నది సముద్రంలో కలిసేచోట, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో. తుపాకి పట్టకముందు పట్టింది ఐసు కొట్టే సుత్తి. ఐసును పిండిగా కొట్టి, దానికి ఉప్పు కలిపి, ఆ ఉప్పు ఐసులో చేపను పాతిపెడితే రాజధాని చేరేదాకా కన్ను తెల్లబడదు. మామూలు చేపకు మామూలు ఐసు, మంచి చేపకు ఉప్పు ఐసు. ఆ రేవులో అది మర్యాద. పుట్టే బిడ్డలకు ధనుర్వాతం రాకుండా గర్భిణులకు వేసే టెటనస్ టీకా మొదటివిడత ఉత్తరపు ఒడ్డుకే పోవాలని పట్టుబట్టింది కూడా బరెంగాయే. తాను ఒకప్పుడు ఊళ్ళు తగలబెట్టించిన చోటికే మొదట మందు పంపితే, ఇక తాను దళనాయకుడు కాడు, అందరికీ గవర్నరు అని లోకం నమ్ముతుంది. దమయంతి మలేరియాతో పడి ఉన్న వారంలో మందు పెట్టెలు ఓడదిగాయి. గవర్నరు స్వయంగా రేవుకు పోయి, చొక్కా విప్పి, మంచి చేపకు చేసే మర్యాద ఆ పెట్టెలకు చేశాడు. ఉప్పు కలిసిన ఐసు సున్నాకు ఎంతో కిందికి దిగిపోతుందని అతనికి తెలియక కాదు, అది తెలిసే చేశాడు. గడ్డకట్టిన టెటనస్ మందు నీళ్ళతో సమానమన్నది మాత్రం తెలియదు. జ్వరం తగ్గి లేచి వచ్చిన దమయంతి ఒక సీసా తీసుకుని ఊపి, బల్లమీద పెట్టి చూసింది. మంచిమందు పాలలా కలిసి నిలబడాలి. ఇది నిలబడలేదు, తెల్లటి పొరలు పొరలుగా అడుగుకు దిగిపోయింది. మరొకటి, మరొకటి. అప్పటికే ఉత్తరపు ఒడ్డున గర్భిణులందరికీ ఆ సూదులు వేసేశారు.

ఇక్కడివరకు ఏ మాస్టరుగారైనా చెప్పగలరు. దీని తరవాతది చెప్పడమే కష్టం, ఎందుకంటే దీని తరవాతది బరెంగా చేసిన ఒకే ఒక గౌరవమైన పని. గవర్నరు ఇంట్లో ఆమె సీసా ఊపి అతనికి చూపించింది. తన దళంలో ఎవడైనా ఇలాంటి పొరపాటు చేస్తే బరెంగా ఏం చేసేవాడో దమయంతికి తెలుసు, తోటలో ఉన్న కాపలావాళ్ళకూ తెలుసు. మర్నాడు నది దాటి సంతలో డీజిలు పీపా ఎక్కి నిలబడ్డాడు. “మీకు వేసిన మందు పాడైపోయింది. నా చేతిమీదే పాడైంది. ఐసు నేనే వేశాను, ఉప్పు నేనే చల్లాను. ఇంకో మందు వస్తుంది, మళ్ళీ వేయించుకోండి,” అన్నాడు. పక్కనే నిలబడిన దమయంతికి, ఎన్నికా లేకుండా, నియామకపత్రంతో వచ్చిన ఈ మనిషి ఇవాళ గవర్నరయ్యాడు అనిపించింది. సంత చప్పుడు లేకుండా ఖాళీ అయింది. ఎందుకు కాదు? తమ ఇళ్ళు కాల్చినవాడు తమ ఆడవాళ్ళ ఒంట్లోకి తన చేత్తో ఏదో పంపించానని తానే చెబుతున్నాడు, మళ్ళీ పంపిస్తానంటున్నాడు. రెండోవిడత వచ్చింది, వేయించుకోవడానికి ఒక్కరూ రాలేదు. వానాకాలం వచ్చింది, కొడవలితో బొడ్డుకోసిన పసిపిల్లలు ధనుర్వాతంతో దవడలు బిగిసి, పాలు పట్టలేక, విల్లులా వంగి పోయారు. సూది వేశారు, వేసినవాడు ఒప్పుకున్నాడు, బిడ్డలు పోయారు. వాళ్ళ తర్కంలో ఎక్కడా తప్పులేదు. మెట్లన్నీ సరిగ్గానే ఎక్కారు, ఒక్క మెట్టు వాళ్ళకు కనబడలేదు, ఆ మెట్టు పేరు ఉప్పు. ఇవాళ ఈ జడ్జి కూడా ఆ మెట్టు చూడకుండా విషమే అని రాస్తే, సాయంత్రానికి ఆ మాట నది ఒడ్డున రేడియోలో వస్తుంది, అమెరికా కోర్టు తేల్చిందట అంటారు, ఇంకో తరందాకా అక్కడ ఏ తల్లీ జబ్బ చాపదు. ఆమె వచ్చింది అందుకు. బరెంగా కోసం కాదు. బరెంగా ఎక్కడికి పోతే ఆమెకేం?

లిఫ్టు గంట మోగింది. మిస్ ఓడెల్ ముక్కు తుడుచుకుంటూ దిగి ఫైళ్ళతో తిన్నగా లోపలికి వెళ్ళిపోయింది, వెనకాల బరెంగా దిగాడు. గోధుమరంగు కోటు, భుజాల దగ్గర వదులు. ఇప్పుడు ఎయిర్‌పోర్టులో అద్దెకార్ల బస్సు నడుపుతున్నాడని రఘు నిన్ననే తెలుసుకుని చెప్పాడు, నిన్న మనం ఎక్కిన బస్సు అతనిదే అయివుంటే ఏం చేసేవాళ్ళం వదినా అని భయపడ్డాడు కూడా. బరువు తగ్గాడు. చేతులు మాత్రం అవే, ఐసు కొట్టినవి. తిన్నగా ఆమె బెంచీ దగ్గరికి వచ్చి, వాళ్ళ పద్ధతిలో కుడిచెయ్యి గుండెమీద పెట్టుకుని తల వంచాడు.

“ఐసు డాక్టర్. ముసలిదానివయ్యావు.”

“నువ్వూ.”

“నేను బస్సు నడుపుతాను. బస్సు మనిషిని తొందరగా ముసలివాణ్ణి చేస్తుంది. నీళ్ళమీద పడవ అయితే చెయ్యదు.” ఎదురుగా నిలబడే ఉన్నాడు, కూర్చోమంటే తప్ప కూర్చోని మనిషి. “ఉప్పు సంగతి చెబుతావు కదా?”

“చెబుతాను.”

“మా నాన్న నేర్పిన ఉప్పు అది. ఎంత మంచిమనసుతో వేశానో చెప్పు.”

“మనసు నాకు కనబడలేదు. వేసింది కనబడింది. అది చెబుతాను.”

అతను పకపకా నవ్వాడు, కారిడారు చివరి ముసలామె ఉలిక్కిపడింది, రఘు కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. “చూశావా, ఇదీ డాక్టరంటే! నా సైన్యంలో నీలాంటిది ఒక్కతి ఉంటే రాజధాని గెలిచేవాణ్ణి.” నవ్వు ఆపి కిందికి వంగాడు. “ఇంకొకటి. రోడ్డు గురించి కూడా చెప్పు. ఈ పిల్ల లాయరుకు రోడ్డు విలువ తెలియదు, వద్దంటుంది. నేను లోపలికి వెళ్ళి మళ్ళీ చెబుతాను, మొదటి ప్రశ్నే అది అడగమంటాను. నాకు ముందు ఎంతమంది గవర్నర్లు వచ్చారు, ఒక్కడైనా ఉత్తరపు ఒడ్డుకు రోడ్డు వేశాడా? వానలకు ముందు పూర్తిచేశాను. నీ పెట్టెల కోసం. నువ్వే కదా అడిగింది?”

దమయంతి అతని ముఖంలోకి చూసింది. వెతికింది అనాలి. ఎక్కడో ఒకచోట, కంటి చివరో, పెదవి మూలో, తెలిసి అంటున్నాడన్న గుర్తు దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు. చేప మంచిదైతే ఉప్పు వేసే మనిషి ముఖమే అది, సంతోషంగా, గర్వంగా, ఎదుటివాళ్ళ మెప్పు కోసం చూస్తూ.

“అడిగితే చెబుతాను,” అంది.

“వదినా,” అన్నాడు రఘు, బరెంగా లోపలికి వెళ్ళీ వెళ్ళకముందే, గొంతు బాగా తగ్గించి. “చాలా మర్యాదస్తుడిలా ఉన్నాడే. నేనింకా ఏదో అనుకున్నా. రోడ్డు అంటున్నాడు, అదేదో పాజిటివ్ పాయింటే కదా?”

పాజిటివ్ పాయింటే. సంస్థవాళ్ళూ అలాగే అన్నారు. నువ్వే కదా అడిగింది. అడిగింది, నిజమే, అతను గవర్నరుగా వచ్చిన మొదటి వారంలోనే, ఉత్తరపు ఒడ్డుకు దారి లేదు, పెట్టెలు చేరేలోపల వేడెక్కిపోతున్నాయి అని చెప్పింది. వైద్యురాలు దారి అడగడానికీ, అతను ఆ దారిని వేసిన తీరుకూ మధ్య ఉన్న దూరం ఆమెకు స్పష్టంగా తెలుసు. ఆ దూరాన్ని ఎన్నో రాత్రులు మనసులో కొలిచి చూసుకుంది, తప్పు తనదగ్గరికి వచ్చి ఆగదు. అతనిదగ్గరే ఆగుతుంది. బాటకు అడ్డంగా గుడ్డపేలికలు కట్టిన మోకు ఉండేది. దళనాయకుడిగా ఉన్నప్పుడు అతని మనుషులు ఆ మోకు దగ్గర మనుషులను ఆపి దోచుకునేవాళ్ళు. గవర్నరయ్యాక మోకు తీసెయ్యలేదు. ఉత్తరపు ఒడ్డు మగవాళ్ళను ఆపి, అదే మోకును అందరి చేతా పట్టించి, వరసగా రాళ్ళు మోసేచోటికి నడిపించేవాళ్ళు. మోకు వదిలినవాడు పారిపోతున్నవాడు కింద లెక్క. తిండి ఒక పూట. మట్టిపని, రాతిపని, ఎండ. సాయంత్రం తిరిగి వచ్చే మోకు పొద్దున వెళ్ళిన మోకంత పొడవు ఉండేది కాదు. అది ఆమె జీపులోంచి చూసింది, వారం వారం చూసింది.

రెండో తూము. అక్కడ బాట వంపు తిరుగుతుంది, ఎడమపక్క వెదురు. జీపు ఆగిపోయింది, ముందు రాళ్ళ గంపలు. బాట పక్కన ఒక మనిషి వెల్లకిలా పడివున్నాడు, నీలం చొక్కా, టైరు చెప్పు ఒక్క కాలికే ఉంది. దమయంతి దిగింది. మెడమీద వేళ్ళు పెట్టింది. నాడి ఆడుతోంది, సన్నగా, తొందరగా, కాని ఆడుతోంది. బతికే ఉన్నాడు అంది. వాళ్ళ భాషలో అంది, తరవాత ఇంగ్లీషులో అంది, తరవాత ఎవరికీ అర్థం కాకపోయినా తెలుగులో అరిచింది. బరెంగా చెట్టునీడన మడతకుర్చీలో ఉన్నాడు. లేచి రాలేదు. ఆమె జీపువైపు, జీపులోని పెట్టెలవైపు చూశాడు. “పెట్టెలు వేడెక్కుతాయి డాక్టర్. బయల్దేరు,” అన్నాడు. అదే గొంతు, ఇందాకటి గొంతే, మర్యాదగా, పెట్టెల గురించి నిజమైన ఆదుర్దాతో. ఇద్దరు సిపాయిలు ఆమెను రెండు చేతులూ పట్టుకుని ఎత్తి తీసుకుపోయి సీట్లో కూర్చోబెట్టి తలుపు వేశారు. జీపు కదిలాక వెనక అద్దంలో ఆ నీలం చొక్కాను తూము గోతిలోకి దొర్లించడం కనబడింది, పైన గంప బోర్లించడం కనబడింది. వెనక అద్దం సగం దుమ్ము. అయినా కనబడింది. మర్నాడు ఆ తూము మీదనుంచే తిరిగి వచ్చింది, మరో బాట లేదు.

ఆ రోజే సంస్థకు రాసింది. విషయం గమనించాము అని జవాబు వచ్చింది. మళ్ళీ రాసింది, రాజధానిలో శాంతి చర్చలు నడుస్తున్నాయి, సమయం కాదన్నారు. రెండేళ్ళ తరవాత సంస్థ వార్షిక సంచిక అట్టమీద ఆ రోడ్డు ఫోటో, దానిమీద టీకాల జీపు, వంపు తిరుగుతూ, ఎడమపక్క వెదురు. బరెంగా రాజధానితో చెడి దేశం విడిచి పారిపోయాక విచారణ సంఘం ఒకటి ప్లెయిన్స్‌బరో దాకా వచ్చి ఆమె ఇంట్లో కూర్చుని టీ తాగింది. విషం గురించి అడిగారు. రోడ్డు గురించి చెప్పబోతే, అది మా పరిధిలో లేదు మేడమ్ అన్నారు. రోడ్డు పని అభివృద్ధి, టీకా పని ఆరోగ్యం, మనిషిని పాతిపెట్టడం ఎవరి శాఖ? అప్పటినుంచి ఇప్పటిదాకా ఆమె నోటిదాకా వచ్చిన ఆ నీలం చొక్కా ఎక్కడికక్కడ ఆగిపోతూనే ఉంది. సరైన ప్రశ్న అడిగినవాడు లేడు, అడగని ప్రశ్నకు జవాబు చెబితే వినేవాడు లేడు. ఉత్తరపు ఒడ్డువాళ్ళైనా చెప్పరా అంటే, వాళ్ళకు పోయిన మగవాళ్ళు యుద్ధంలో పోయినవాళ్ళు, ఆ కాలంలో మగవాళ్ళు పోతూనే ఉండేవాళ్ళు. తిరిగిరానివాడు ఏ తూము కింద ఉన్నాడో తెలియదు. బిడ్డలు మాత్రం ఒళ్ళో పోయారు. ఒళ్ళో పోయినదాన్నే మనిషి పట్టుకుంటాడు.

మొదటి ప్రశ్నే అది అడగమంటాను, అన్నాడు.

కాఫీ చల్లారింది. దమయంతి కప్పును బెంచీమీద పెట్టి నిటారుగా కూర్చుంది. సాధన చేయించినప్పుడు మిస్ ఓడెల్ మొదటి ప్రశ్న ఉద్యోగం గురించి. బరెంగా మాట వింటే ఆ పిల్ల ఏం అడుగుతుంది? రోడ్డు గురించి నేరుగా అడగదు, దానికి సంబంధం ఏమిటని అవతలివాళ్ళు అడ్డుపడతారు. ఉత్తరపు ఒడ్డు ఊళ్ళకు మీరు ఎలా చేరేవారు అని అడుగుతుంది. నిరపాయమైన ప్రశ్న. సాక్షి అక్కడికి నిజంగా వెళ్ళిందా లేదా తేల్చుకోవడానికి ఎవరైనా అడిగే ప్రశ్న. దానికి జీపులో అని ఒక్కముక్కలో చెప్పవచ్చు. చెబితే అబద్ధమూ కాదు. కాని జీపు గాలిలో పోలేదు. ఎలా చేరేవారు అని మనిషిచేత ప్రమాణం చేయించి అడిగినప్పుడు, దేనిమీదుగా, ఎవరిమీదుగా అన్నది ఆ ప్రశ్నలోనే ఉంది. అడిగినదానికే జవాబు. ఒక్క ముక్క ఎక్కువ కాదు, ఒక్క ముక్క తక్కువ కూడా కాదు. పాపం రఘు, నిన్నటినుంచి ఆమెకు ఇస్తున్న సలహా ఇంత బరువైనదని అతనికి తెలియదు.

“రఘూ, అడిగినదానికే చెప్పమన్నావు కదా?”

“అంతే వదినా. దట్స్ ఇట్.”

“పూర్తిగా చెప్పకూడదని అనలేదు కదా?”

అతని ముఖం నెమ్మదిగా మారింది. “వదినా... ఏం చెయ్యబోతున్నారు?”

తలుపు తెరుచుకుంది. గుమాస్తా ఆమె పేరును మూడు ముక్కలుగా విరిచి పిలిచాడు. లేచేటప్పుడు మోకాలు పట్టేసింది. రఘు చెయ్యి ఇచ్చాడు, ఇచ్చి వదలకుండా, తనను ఎవరూ రమ్మనకపోయినా, లోపలికి వచ్చి వెనక వరసలో కెమెరాకు ఎదురుగా కూర్చున్నాడు. గది అనుకున్నదానికన్నా చిన్నది. జడ్జి అద్దాలు తుడుచుకుంటున్నాడు. బరెంగా బల్లదగ్గరినుంచి తల ఊపాడు, మిస్ ఓడెల్ కాగితం అంచున కొత్తగా రాసుకున్న వాక్యం వైపు వేలు చూపించాడు. ప్రమాణం అయింది. మిస్ ఓడెల్ తుమ్మింది, క్షమాపణ చెప్పుకుంది.

“డాక్టర్, ఉత్తరపు ఒడ్డు గ్రామాలకు మీరు ఎలా చేరుకునేవారు?”

“రోడ్డు మీద,” అంది దమయంతి. బరెంగా చిరునవ్వు నవ్వాడు. “ఆ రోడ్డు ఎలా వేశారో చెబితే తప్ప నా జవాబు పూర్తికాదు. రెండో తూము దగ్గర మొదలుపెడతాను. తరవాత ఉప్పు గురించి చెబుతాను. రెండూ నేను చూసినవే.”

విషం అభియోగం నిలవలేదని, రోడ్డు విషయం నిలిచిందని జడ్జి రాశాడు. రఘుకు గ్రీన్‌కార్డు 2012లో వచ్చింది. అప్పీళ్ళన్నీ అయ్యాక, 2013 మార్చిలో యోనా బరెంగాను తిప్పి పంపేశారు. ఆ మరుసటి ఏడు ఉత్తరపు ఒడ్డున తల్లులు కొందరు మళ్ళీ టీకాలు వేయించుకోవడం మొదలుపెట్టారు. పెట్టెలు ఆ రోడ్డు మీదే వెళ్తాయి. అక్కడికి వేరే రోడ్డు లేదు.